మూతినుండి బారుచేసే తుపాకి

హైదరాబాదు నగరపు పడమటి దిక్కున, సికింద్రాబాదునుండి లింగంపల్లికి పోయే రైలుదారిలో హైటెక్ సిటీకి ముందు వచ్చే స్టేషను బోరబండ. పేరులోనే బండ ఉన్నది. ఈ ప్రాంతమంతా సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సుగల గ్రానైటు శిలలమీద నిలిచి ఉన్నది. బోరబండకు దక్షిణంగా ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న గోల్కొండ కోటను కట్టినది కూడ ఇటువంటి శిలమీదనే.

గ్రానైటును మందుతో పగలగొట్టవలెనంటే రాతిలో సన్నని రంధ్రం తొలుస్తారు. దాని అడుగున మందు పోసి, పైన మట్టి కూరి, వత్తి అంటిస్తారు. రాయి పగులుతుంది. అదే మందును అదే బండమీద కుప్పగా పోసి అంటిస్తే భగ్గున మండి పొగ లేస్తుంది. బండకు మసి అంటటం తప్ప మరేమీ కాదు. మందు ఒకటే, నిప్పు ఒకటే, ఫలితాలు మాత్రం వేరు. మూసిన చోట మండటానికీ, తెరిచిన చోట మండటానికీ ఉన్న భేదమే ఇందుకు కారణం.

తుపాకి కూడ ఇటువంటి రంధ్రమే. రాతికి బదులు ఉక్కు గొట్టం, మట్టికి బదులు సీసపు గుండు ఉంటాయి. గుండు కదలగలదు కనుక ఎగిరిపోతుంది. అది కదలవలసిన విధంగా కదలకపోతే గొట్టానికి రాతి గతే పడుతుంది. ఈ ఒక్క సూత్రాన్ని గుర్తుంచుకొంటే, మూతినుండి బారుచేసే తుపాకిని వాడేవారు పాటించే నియమాలన్నిటికీ కారణాలు తేలికగా బోధపడతాయి.

ఈ తుపాకి ఎక్కడిది?

ఇప్పటి తుపాకులలో మందు, గుండు, నిప్పు పుట్టించే పదార్థం మూడూ ఒకే ఇత్తడి తూటాలో కర్మాగారంలోనే అమర్చబడి ఉంటాయి. తూటాను గొట్టం వెనుకనుండి పెడతారు. పూర్వపు తుపాకులు అటువంటివి కావు. మందును గొట్టం మూతిలోనుండి పోసి, గుండును పైనుండి దించి, గజంతో అడుగుదాకా దట్టించేవారు. తుపాకి వెంట ఉండే పొడుగాటి కడ్డీకే గజమని పేరు. ఈ పనినే మనవాళ్ళు తుపాకి బారుచేయటం అన్నారు. వత్తికి జామగి, నిప్పు అందుకొనే మందుకు రంజకం, నిప్పును దింపే భాగానికి గుర్రం అని పేర్లు పెట్టుకొన్నారు. ఇన్ని మాటలు భాషలో నిలిచినవంటే ఈ యంత్రం ఎంతకాలం మన మధ్య మసలినదో ఊహించవచ్చు.

1520లో రాయచూరు కోటను కృష్ణదేవరాయలు ముట్టడించినప్పుడు, పోర్చుగీసువాడైన క్రిస్తోవావ్ ద ఫిగైరెదు తన తుపాకి భటులతో వచ్చి కోటగోడమీది కావలివాండ్రను కొట్టినాడని నూనిజ్ వ్రాసిన వృత్తాంతంలో ఉన్నది. 1795లో నిజాం అలీ ఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా నెలకొల్పినాడు. ఆ పేటకు నేటికీ గన్‌ఫౌండ్రీ అనే పేరు.

తూటాలు వచ్చిన తర్వాత ఈ తుపాకి యుద్ధరంగంనుండి తప్పుకొన్నది. కాని పూర్తిగా పోలేదు. అమెరికాలోని కొలరాడో వంటి రాష్ట్రాలలో ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడటానికి, ఈ తుపాకి పట్టినవారికి సెప్టెంబరు నెలలో ప్రత్యేకంగా కొన్ని రోజులు కేటాయిస్తారు. రాకీ పర్వతాలలో తిరిగే మగ ఎల్క్ సుమారు 300 కిలోగ్రాములు తూగుతుంది. మన అడవులలోని కణితి కంటె పెద్దది. అంతటి మృగాన్ని ఒకే ఒక గుండుతో, ఎక్కువ బాధ లేకుండా పడవేయాలి. రెండవ గుండు దట్టించేందుకు అర నిమిషమైనా పడుతుంది, అంతలో గాయపడిన జంతువు అడవిలో కలిసిపోతుంది. అందువల్ల ఆ వేటగాని అసలు పని అడవిలో కాదు, వేట కాలానికి కొన్ని వారాల ముందే ఆరంభమవుతుంది. ఆ సన్నాహంలో పదార్థ విజ్ఞాన, రసాయన శాస్త్రాల పాఠాలు అనేకం ఉన్నాయి.

మందులో ఏముంది?

తుపాకిమందు మూడు పదార్థాల మిశ్రమం. నూరు భాగాలలో సురేకారం 75, బొగ్గు 15, గంధకం 10 ఉంటాయి. బొగ్గు, గంధకం కాలే పదార్థాలు. సురేకారం, అనగా పొటాషియం నైట్రేటు, కాలటానికి కావలసిన ఆక్సిజన్‌ను తనలోనే దాచుకొన్న పదార్థం. వంటచెరకు మండాలంటే బయటి గాలి కావాలి. తుపాకిమందుకు ఆ అవసరం లేదు. కనుకనే గాలి చొరని గొట్టం అడుగున కూడ మండగలదు. గంధకం తక్కువ వేడికే అంటుకొని, మంటను మిగిలిన మందుకు అందిస్తుంది.

మండిన తరువాత బొగ్గుపులుసు వాయువు, నత్రజని, కార్బన్ మోనాక్సైడు ముఖ్యంగా పుడతాయి. ఐతే మందు అంతా వాయువుగా మారదు. బరువులో సుమారు 44 వంతులు మాత్రమే వాయువు. మిగిలిన 56 వంతులు పొటాషియం కార్బొనేటు, సల్ఫేటు, సల్ఫైడు వంటి ఘన పదార్థాలు. తుపాకి పేలగానే వచ్చే దట్టమైన తెల్లని పొగ ఈ ఘన కణాల మేఘమే. కొంత మడ్డిగా గొట్టంలోనే అంటుకొంటుంది. ఈ మడ్డి పెట్టే తిప్పలు ముందు చూడగలము.

ఇప్పటి తూటాలలోని పొగలేని మందు వేరు. దానికి ఆధారం నైట్రోసెల్యులోజు. అది పుట్టించే పీడనం ఆధునిక రైఫిళ్ళలో 3,500 నుండి 4,000 వాతావరణాల దాకా పోతుంది. పాత మందుకోసం చేసిన గొట్టంలో ఉండదగిన పీడనం అందులో సగానికి కూడ రాదు. కాబట్టి పొగలేని మందును ఇందులో పోయరాదన్నది మొదటి నియమం. ఈ నియమం తప్పినవారి చేతివేళ్ళు పోయాయి, కళ్ళు పోయాయి, ప్రాణాలూ పోయాయి.

రవలో ఉన్న రహస్యం

మందును పిండివలె కాక రవవలె చేస్తారు. రవ సన్నదైతే మొత్తం ఉపరితలం పెరుగుతుంది. మంట ఉపరితలంమీదనే పాకుతుంది కనుక సన్నని రవ త్వరగా కాలుతుంది, ముతక రవ కొంత నిదానంగా కాలుతుంది. సన్నని గొట్టాలకు సన్న రవ, లావు గొట్టాలకు ముతక రవ వాడటం ఇందువల్లనే. మరీ పిండివలె ఉంటే రేణువుల మధ్య సందులు ఉండక, మంట లోపలికి చొరలేక, ఒకసారి మందంగా, ఒకసారి ఉధృతంగా కాలుతుంది.

ఈ సూత్రాన్ని ఉపాధ్యాయులు తరగతిలో మందు లేకుండానే చూపవచ్చు. రెండు గాజు గ్లాసులలో సమానంగా వెనిగరు పోసి, ఒకదానిలో సుద్దముక్కను అట్లాగే, రెండవదానిలో అంతే బరువుగల సుద్దను పొడిచేసి వేయాలి. పొడి వేసిన గ్లాసులో బుడగలు ఒక్కసారిగా పొంగుతాయి, ముక్క వేసిన గ్లాసులో నెమ్మదిగా లేస్తాయి. బరువు ఒకటే అయినా ఉపరితలం వేరు, అందుచేత వేగమూ వేరు. అయితే బజారులో దొరికే సుద్దలన్నీ ఒక రకం కావు. బుడగలు రావాలంటే సుద్దలో కాల్షియం కార్బొనేటు ఉండాలి. అది లేనప్పుడు కోడిగ్రుడ్డు పెంకుతో ఈ ప్రయోగం చేయవచ్చు.

కొలత

మందును గ్రెయిన్లలో కొలవటం వాడుక. ఒక గ్రెయిను 0.0648 గ్రాము. ఎల్క్ వేటకు కొలరాడోలో కనీసం అర అంగుళం, అనగా 12.7 మిల్లీమీటర్ల లోవ్యాసం ఉన్న తుపాకి కావాలి. అటువంటి గొట్టానికి గుండ్రని సీసపు గుండుతో 80, 90 గ్రెయిన్ల మందు వాడటం కద్దు. తయారు చేసినవారు ప్రతి తుపాకికీ గరిష్ఠమైన కొలతను నిర్ణయిస్తారు. అది దాటరాదు.

తొంభై గ్రెయిన్లు అంటే 5.8 గ్రాములు. గ్రాము మందు కాలితే సుమారు 3 కిలోజౌళ్ళ ఉష్ణం పుడుతుందనుకొంటే, మొత్తం 17,400 జౌళ్ళు. ఇక గుండు సంగతి చూద్దాం. 12.45 మిల్లీమీటర్ల వ్యాసంగల గోళం ఘనపరిమాణం 1.01 ఘన సెంటీమీటరు. సీసం సాంద్రత 11.34. కనుక గుండు బరువు 11.5 గ్రాములు. అది సెకండుకు 550 మీటర్ల వేగంతో మూతి దాటితే దాని గతిజశక్తి సుమారు 1,740 జౌళ్ళు. అంటే మందులోని శక్తిలో పదవ వంతు మాత్రమే గుండుకు దక్కినది. మిగిలినది వేడిగా, చప్పుడుగా, పొగగా, గొట్టం వేడెక్కటంగా ఖర్చయినది. తుపాకి కూడ ఒక ఉష్ణ యంత్రమే, అంత సమర్థమైనది మాత్రం కాదు.

మరికొంత మందు పోస్తే సరిపోదా అని తోచవచ్చు. మందును రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు. చివర పోసిన మందులో కొంత, గుండు మూతి దాటిన తరువాత బయట కాలిపోతుంది. మడ్డి పెరుగుతుంది, భుజంమీద తాకిడి పెరుగుతుంది, గురి చెడుతుంది. అందువల్ల వేటగాడు తక్కువ కొలతతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, ఒక్కొక్క కొలతతో నాలుగైదు గుండ్లు కాగితపు లక్ష్యంమీద కాల్చి చూస్తాడు. గుండ్లు అన్నిటికంటె దగ్గర దగ్గరగా పడిన కొలతే ఆ తుపాకికి తగిన కొలత. ప్రయోగశాలలో ఒక్క అంశాన్ని మార్చి, మిగిలినవాటిని స్థిరంగా ఉంచే పద్ధతే ఇది. కొలత, గుండు, గుడ్డ మూడింటినీ ఒకేసారి మార్చినవానికి ఏమీ తెలియదు.

మందును సీసానుండి నేరుగా గొట్టంలోకి వంచరాదు. లోపల వెనుకటి పేలుడునాటి నిప్పురవ్వ ఒక్కటి మిగిలి ఉన్నా సీసాలోని మందంతా చేతిలోనే పేలుతుంది. ముందుగా చిన్న కొలత గొట్టంలోకి పోసి, సీసా మూతపెట్టి దూరంగా ఉంచిన తరువాతనే తుపాకిలో పోయాలి. ఈ కొలత పరిమాణాన్ని బట్టే కాని బరువును బట్టి కాదు. పైరోడెక్స్ వంటి ప్రత్యామ్నాయ మందులు నిజమైన తుపాకిమందు కంటె తేలికగా ఉంటాయి. బరువు సమానం చేసి పోస్తే ఎక్కువ మందు పోసినట్లవుతుంది.

గుండు, గుడ్డ, మరలు

బ్రౌన్ బెస్ అని పేరుపడిన ఇంగ్లీషువారి పాత సైనిక తుపాకి లోవ్యాసం ముప్పాతిక అంగుళం. గుండు అంతకంటె బాగా చిన్నది. త్వరగా దించటానికి సందు విడిచినారు. ఆ సందుగుండా వాయువు ముందుకు తప్పించుకొనేది. గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుకొంటూ పోయి, ఏ వైపున చివరకు తాకితే దానికి ఎదురుగా తొలగిపోయేది. నూరు గజాల దూరంలో మనిషిని గురిచూసి కొట్టటం నమ్మకంలేని పని.

రైఫిలు గొట్టంలో మెలికలు తిరిగిన గాళ్ళు చెక్కి ఉంటాయి. నూనె లేక మైనం పట్టించిన గుడ్డముక్కలో గుండును చుట్టి దించుతారు. గుడ్డ సందును మూస్తుంది, గాళ్ళను పట్టుకొంటుంది, గుండును తనతో తిప్పుతుంది. 122 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరిగే గాళ్ళున్న గొట్టంనుండి సెకండుకు 550 మీటర్ల వేగంతో వెడలిన గుండు సెకండుకు 450 చుట్లు తిరుగుతుంది. బొంగరం తిరుగుతున్నంతసేపు నిలబడుతుంది, ఆగగానే పడిపోతుంది. గుండు దారి నిలపటానికీ ఈ భ్రమణమే ఆధారం. పొడుగైన గుండ్లకు భ్రమణం ఎక్కువ కావాలి కనుక వాటి గొట్టాలలో 71 సెంటీమీటర్లకే ఒక చుట్టు ఉంటుంది. గొట్టంలోని మెలికను తెలుసుకొనకుండ గుండును ఎన్నుకోవటం వృథా.

గుడ్డకు పట్టించే కొవ్వు చిన్న విషయంగా తోస్తుంది. ఈ చిన్న విషయం మన దేశచరిత్రను మార్చినది. 1849లో ఫ్రెంచి సైనికుడు మినియే అడుగున గుంటగల పొడుగు గుండును తయారుచేసినాడు. పేలినప్పుడు ఆ గుంటలోనికి వాయువు చొచ్చి, సీసాన్ని వ్యాకోచింపజేసి గాళ్ళలోకి ఒత్తుతుంది. ఇటువంటి గుండునే వాడిన 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు కూడ మూతినుండి బారుచేసేదే. దాని కాగితపు పొట్లాన్ని పంటితో కొరికి, మందు పోసి, కొవ్వు పూసిన భాగంతో సహా గుండును దించాలి. ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న అనుమానమే 1857 తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఒకటి. ఆ ఏడు జూలై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వాన రెసిడెన్సీమీద దాడి జరిగినది. కొవ్వు లేకుంటే పొడిమడ్డి గట్టిపడి రెండవ గుండు దిగదు. శాస్త్రరీత్యా అవసరమైన వస్తువును మనుష్యుల మనస్సు గ్రహింపక తయారుచేస్తే ఏమవుతుందో ఇక్కడ కనిపిస్తుంది.

గజంమీది గీత

బారుచేయటంలో అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టం గుండును మందుమీదికి పూర్తిగా దించటం. గుండు సగందారిలో ఆగి, మందుకూ దానికీ మధ్య ఖాళీ మిగిలితే ప్రమాదం. మందు అంటుకొనగానే వాయువులు ఆ ఖాళీలో వేగం పుంజుకొని, కదలక కూర్చున్న గుండును తాకుతాయి. అక్కడ పీడనం ఒక్కసారిగా ఎగసి గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. మొదట చెప్పుకొన్న రాతి గతి ఇదే.

ఖాళీ ఉన్నదీ లేనిదీ తెలిసేదెట్లా? గొట్టం లోపలికి చూడకూడదు, చూచినా కనపడదు. ఇందుకు ఒక సులభమైన ఉపాయం ఉన్నది. ఖాళీ తుపాకిలో గజాన్ని అడుగు తాకేదాకా దించి, మూతి దగ్గర గజంమీద ఒక గీత గీస్తారు. నిర్ణయించిన మందు, గుండు సరిగా దట్టించిన తరువాత మరల దించి రెండవ గీత గీస్తారు. తరువాత ఎప్పుడు బారుచేసినా గజం రెండవ గీత దగ్గర నిలవాలి. ఇంకా పైకి నిలిస్తే గుండు పూర్తిగా దిగలేదన్నా నిజం, పొరపాటున రెండుసార్లు మందు పోసినారన్నా నిజం. మొదటి గీత దగ్గర నిలిస్తే తుపాకి ఖాళీగా ఉన్నది. రెండు గీతలు ఒక మనిషి ప్రాణాన్ని కాపాడతాయి.

దట్టించేటప్పుడు ప్రతిసారీ ఒకే ఒత్తిడి ఉండాలి. గజాన్ని ఎత్తి ఎత్తి కొడితే సీసం నలిగి గుండు ఆకారం చెడుతుంది. ముఖం, చేతులు వీలైనంతవరకు మూతికి ప్రక్కగా ఉంచాలి.

నిప్పు

తుపాకి చరిత్రలో సగం నిప్పును లోపలికి చేర్చటం ఎట్లా అన్న ప్రశ్నకు సమాధానమే. తొలి తుపాకులలో రగులుతున్న జామగిని రంజకంమీదికి దింపేవారు. తరువాత చెకుముకి రాయి ఉక్కును గీరి రవ్వలు రాల్చేది. బయట పళ్ళెంలో ఉన్న రంజకం ముందు భగ్గుమని, చిన్న రంధ్రంగుండా మంట లోపలికి చేరేది. ఈ రెండింటికీ నడుమ క్షణకాలం జాప్యం. స్కాట్లండులో క్రైస్తవ మతాచార్యుడైన అలెగ్జాండర్ ఫోర్సైత్ పక్షుల వేటగాడు. పళ్ళెంలోని మెరుపు చూచి పక్షులు గుండు రాకముందే లేచిపోతున్నవని గ్రహించి, దెబ్బకు పేలే ఫల్మినేటు లవణాలను ఉపయోగించే ఏర్పాటు కనిపెట్టి 1807లో పేటెంటు పొందినాడు. కొన్ని సంవత్సరాలకు అది చిన్న రాగి కేపు రూపం దాల్చినది. నేటి తుపాకులలో కొన్ని ఇప్పటికీ ఆ కేపునే వాడుతున్నాయి.

వేట ఉదయాన మొదటిసారి బారుచేసేముందు, మందు లేకుండ ఒకటి రెండు కేపులు పేలుస్తారు. తుప్పు పట్టకుండ పూసిన నూనె ఆ సన్నని దారిలో నిలిచి ఉంటే అది కాలిపోతుంది. ఈ పని మరచినవాడు ఎల్క్ ఎదుట నిలిచిననాడు టప్పుమని కేపు శబ్దం మాత్రమే వింటాడు. మీట నొక్కిన తరువాత పేలకపోతే తుపాకిని కనీసం ఒక నిమిషం సురక్షితమైన దిక్కుకే పట్టి ఉంచాలి. లోపల మందు నిదానంగా రాజుకొంటూ ఉండవచ్చు.

తేమ

సురేకారం నీటిలో కరుగుతుంది. మందు తడిస్తే అది కరిగి బొగ్గునుండి, గంధకంనుండి విడిపోతుంది. తిరిగి ఎండబెట్టినా మిశ్రమం మునుపటివలె ఉండదు. దీనికి గోల్కొండ చరిత్రలో గొప్ప దృష్టాంతం ఉన్నది. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ఆ కోటను ముట్టడించినాయి. బురుజుల క్రిందికి సొరంగాలు తవ్వి మందు నింపినారు. లోపలివారు ఆ సంగతి పసిగట్టి, ఎదురు సొరంగాలు తవ్వి, కొంత మందును తీసివేసి కొంతను నీటితో తడిపినారనీ, పేల్చినప్పుడు బయటివైపు మందు మాత్రమే పేలి రాళ్ళు ముట్టడించినవారిమీదనే పడినవనీ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ వ్రాసినాడు. గ్రానైటు కోటను మందు జయించలేదు. చివరకు సెప్టెంబరులో లోపలివారే ఒకరు తలుపు తెరువగా కోట పడిపోయినది.

కొండలలో తిరిగే వేటగానికి వాన, మంచు, ఉదయపు తేమ అన్నీ శత్రువులే. చలిలో తిరిగిన తుపాకిని వెచ్చని గుడారంలోకి తెస్తే, చల్లని నీళ్ళచెంబు బయట చెమర్చినట్లే లోహంమీద నీరు చెమరుస్తుంది. అందువల్ల తుపాకిని కేపు తీసివేసి, మూతికి కప్పు వేసి, బయటి చలిలోనే భద్రంగా ఉంచటం మేలని అనుభవజ్ఞులు చెబుతారు.

గురి ఎంతదూరం?

గుండ్రని గుండు గాలిని చీల్చటంలో మొండిది. సెకండుకు 550 మీటర్లతో బయలుదేరినది 90 మీటర్లు పోయేసరికి సుమారు 320 మీటర్లకు దిగజారుతుంది. శక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కనుక 1,740 జౌళ్ళు 590 జౌళ్ళకు, అంటే మూడవ వంతుకు పడిపోతుంది. 24 గ్రాముల పొడుగు గుండు సెకండుకు 425 మీటర్లతోనే బయలుదేరినా, అదే దూరాన సుమారు 335 మీటర్ల వేగం నిలుపుకొంటుంది. అప్పుడు దాని శక్తి దాదాపు 1,350 జౌళ్ళు. ఎల్క్ వంటి పెద్ద జంతువుకు చాలమంది పొడుగు గుండునే ఎన్నుకోవటానికి కారణం ఇది.

గురుత్వాకర్షణ సంగతి కూడ చూడాలి. గుండ్రని గుండు 90 మీటర్లు పోవటానికి సుమారు 0.21 సెకండు పడుతుంది. ఆ వ్యవధిలో ఏ వస్తువైనా 22 సెంటీమీటర్లు క్రిందికి పడుతుంది. 150 మీటర్లు పోవాలంటే సుమారు 0.41 సెకండు, పడిపోయేది దాదాపు 80 సెంటీమీటర్లు. దూరం రెట్టింపు కూడ కాలేదు, పతనం నాలుగింతలకు దగ్గరైనది. గురిచూచే మొనను సవరించి కొంత పతనాన్ని సరిచేయవచ్చును గాని, దూరాన్ని కంటితో తప్పుగా అంచనా వేస్తే గుండు గుండెకు బదులు కాలిని తాకుతుంది. ఆ జంతువు చావదు, బ్రతకదు. అందుకనే మంచి వేటగాడు తన గుండ్లన్నీ ఒక పళ్ళెమంత వెడల్పులో పడే దూరాన్ని ముందుగా కనుగొని, దానిని దాటి మీట నొక్కడు. తుపాకి ఎంతదూరం కొట్టగలదన్నది కాదు ప్రశ్న. ఎంతదూరంలో తప్పకుండా కొట్టగలదన్నది ప్రశ్న.

కాల్చిన తరువాత

గొట్టంలో మిగిలిన మడ్డి తేమను పీల్చుకొనే లవణాల ముద్ద. రాత్రి అలాగే వదిలితే తెల్లవారేసరికి ఉక్కు తుప్పుపట్టటం మొదలవుతుంది. ఈ లవణాలు నూనెలో కరగవు, నీటిలో కరుగుతాయి. కాబట్టి ముందు సబ్బు కలిపిన వేడినీటితో కడిగి, పొడిగుడ్డతో బాగా తుడిచి, ఆ తరువాతనే పలుచగా నూనె పూయాలి. మడ్డిమీద నూనె పూస్తే తుప్పును మూతవేసి పెంచినట్లే. తుపాకికి నీళ్ళు తగలనీయరాదని నమ్మేవారికి ఇది వింతగా తోచవచ్చు. కాని ఏ మలినం ఏ ద్రవంలో కరుగుతుందో తెలిసినవారికి ఇందులో వింత లేదు.

మన దేశంలో

మన దేశంలో వన్యప్రాణుల వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించినది. చట్టం అనుమతించిన కొద్ది సందర్భాలు తప్ప అడవి జంతువుమీద గుండు పేల్చటం నేరం. మూతినుండి బారుచేసే పాత తుపాకి అయినా సరే, ఉంచుకోవటానికి 1959 ఆయుధ చట్టం క్రింద అనుమతి కావాలి. అయినా అడవి పల్లెలలో నాటు తుపాకులు అప్పుడప్పుడు బయటపడుతూనే ఉంటాయి. నీళ్ళ గొట్టాన్నో, పాత ఇనుప గొట్టాన్నో తుపాకిగా మార్చినవాడు దాని గోడ ఎంత పీడనానికి ఆగుతుందో ఎన్నడూ కొలవలేదు. మందు కొలత అంచనా, గుండుకు బదులు దొరికిన ఇనుపముక్కలు, గజంమీద గీత లేదు. పైన చెప్పిన ప్రతి నియమమూ అక్కడ ఒక్కసారిగా తప్పుతుంది. జంతువుతోపాటు కాల్చినవాడూ బలి కావటంలో ఆశ్చర్యం లేదు. తుపాకిమందును ఇంట్లోగాని, పాఠశాలలోగాని తయారుచేయ ప్రయత్నించరాదని విద్యార్థులకు ఉపాధ్యాయులు గట్టిగా చెప్పాలి. దానిలోని శాస్త్రం నేర్చుకోవటానికి సుద్దముక్క, బొంగరం, నీళ్ళచెంబు చాలు.

హైదరాబాదు తూర్పున ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటమైదానంగా ఉన్న అడవి ఇప్పుడు మహావీర్ హరిణ వనస్థలి. అక్కడ కృష్ణజింకలు మేస్తున్నాయి. ఆనాటి తుపాకులు ప్రదర్శనశాలల అద్దాల వెనుక ఉన్నాయి. వాటిని చూడబోయిన విద్యార్థి గొట్టం క్రింద దోపిన గజాన్ని ఒకసారి గమనించాలి. బలమంతా మందులోనే ఉన్నట్లు కనిపిస్తుంది గాని, ఆ బలాన్ని ఎంత కొలవాలి, ఎక్కడ మూయాలి, ఏ దారిన విడవాలి అన్నది ఆ కడ్డీ పట్టిన చేతిలో ఉన్నది. ఆవిరి యంత్రమైనా, మోటారు ఇంజనైనా, ఆకాశానికి ఎగిరే రాకెట్టైనా శక్తిని కొలిచి, మూసి, దారిచూపి విడిచే యంత్రాలే. ఆ మూడింటిలో ఏది తప్పినా పగిలేది యంత్రమే.